ఒక పాప కోసం రాసిన లైను

మా ఆఫీసులో నన్ను "మేడమ్" అని పిలిచేది ఒక్క మనిషే, ఆవిడ మా వదిన. మిగతా ఆరుగురికీ నేను ఉత్త "నువ్వు"ని. వదిన మాత్రం కావాలనే, అందరూ వినేలా, "మేడమ్, మీరు రాసిన ఈ ఫైలు ఒకసారి ముట్టుకోవచ్చాండీ?" అని అడుగుతుంది. అదే మనిషి సాయంత్రం మెట్లు దిగుతూ, "ఏమే చిట్టీ, ఆ జుట్టేంటే, దువ్వెన కొనిపెట్టేవాళ్ళు లేరా?" అంటుంది. ఆవిడ మా అన్నయ్య భార్య. ఆఫీసులో నేను ఆవిడకు పై అధికారిని, ఇంట్లో ఆవిడ నాకు. ఇంట్లో ఉన్నదే అసలు పదవి అని ఆవిడ నమ్మకం.

మేం చేసే పని జావాలో వెబ్ అప్లికేషన్లు రాయడం. రెండు గదులు, తొమ్మిది బల్లలు, ఒక వైట్‌బోర్డు, తలుపు ఎప్పుడూ సరిగ్గా పడని ఒక బీరువా. మా యజమాని కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటారు. ఏది అడిగినా "చూద్దాం" అంటారు కాబట్టి ఆయన లేనప్పుడు మేమంతా ఆయన్ని చూద్దాంగారు అంటాం. ఆ చూద్దాంలో రకాలున్నాయి. గొంతు పైకి లేస్తే పని అయినట్టే. కిందికి దిగితే ఆశ వదులుకోవాలి.

వదినను తీసుకోమని ఆయన్ని అడిగింది నేనే.

"మీ వదిన అని తీసుకోమంటున్నావా, పని వచ్చని తీసుకోమంటున్నావా?" అన్నారాయన.

"పని వచ్చనేనండీ. నాకు జావా నేర్పింది ఆవిడే."

"పదకొండేళ్ళుగా ఖాళీగా ఉన్నారు కదమ్మా."

"ఖాళీగా లేరు సార్, ఇంట్లో ఉన్నారు," అన్నాను. నా నోరు అంత మంచిది కాదు.

"సరే, మూడు నెలలు చూద్దాం," అన్నారు. గొంతు పైకీ లేవలేదు, కిందికీ దిగలేదు.

ఆ మూడు నెలలూ ముగిసే శుక్రవారం గురించే నేను చెప్పబోయేది. వదినకు ఈ ఉద్యోగం ఎంత కావాలో నాకు తెలుసు. మొదటిరోజు గుర్తింపు కార్డు మెడలో వేసుకుని అద్దం ముందు చాలాసేపు నిలబడిందట. ఆ సంగతి అన్నయ్య నాకు చెప్పి, "నేను చెప్పానని మాత్రం అనకు, నన్ను బతకనివ్వదు," అన్నాడు.

చేరిన నెలలోనే వదిన మా పాత తలనొప్పులు ఒక్కొక్కటీ వదిలించింది. నర్సులు మన లిపిలో టైపు చేసిన మాటలు మర్నాటికి వరుసగా ప్రశ్నార్థకాలుగా మారిపోయేవి. పేజీ, సర్వర్, డేటాబేసు మూడూ అక్షరాలను ఒకే పద్ధతిలో చదవాలని పట్టుబట్టి ఆ జబ్బు పోగొట్టింది. బటన్ రెండుసార్లు నొక్కితే ఒకే బరువు రెండుసార్లు ఎక్కేది, దాన్నీ ఆపింది. డేటాబేసుతో తెరిచిన కనెక్షన్లు మూయకుండా వదిలేయడం వల్ల సాయంత్రానికి సర్వర్ చతికిలబడేది. అది పట్టుకున్నరోజు వదిన గది మధ్యలో నిలబడి, "కొళాయి తిప్పి కట్టకుండా పోయేది ఎవరండీ ఇక్కడ?" అని అడిగింది. అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ కొళాయిల్లో సగం నావే.

నర్సులు అన్నాను కదా, అది ఒక ఆసుపత్రి కోసం మేం రాసిన అప్లికేషన్. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు అది. తల్లులు ముందే ఇంటికి వెళ్ళిపోతారు, బిడ్డలు వారాల తరబడి గాజు పెట్టెల్లో ఉంటారు. రోజూ సాయంత్రం నాలుగింటికి వార్డు పెద్ద సిస్టర్ ఒక్కో బిడ్డ గురించి రెండు ముక్కలు రాసి పెడుతుంది. బరువెంత, పాలు ఎన్నిసార్లు తాగింది, ఎలా ఉంది. తల్లి ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూసుకుంటుంది. ఇంకా పేరు పెట్టని పిల్లలు కాబట్టి పేజీలో పేరు ఉండదు. ముప్పై రెండు పెట్టెలు, ముప్పై ఇద్దరు తల్లులు. నాలుగు కొట్టగానే అందరూ ఫోన్లు పట్టుకుంటారు. మూడేళ్ళ కిందట దాన్ని మొదటి అక్షరం నుంచీ రాసింది నేనే. నేను రాసినవాటిలో నాకు కాస్త గర్వంగా ఉన్నది అదొక్కటే.

ఆ పేజీలో రోజుకొక ఫొటో కూడా పెడదామన్నది వదిన ఆలోచన. వాళ్ళ పాప ఏడో నెలలోనే పుట్టింది. ఇరవై తొమ్మిది రోజులు అలాంటి పెట్టెలోనే ఉంది. వదిన ఉద్యోగం మానేసింది అప్పుడే.

"అంకె చూస్తే ఏం తెలుస్తుందే? పదిహేను గ్రాములు పెరిగిందంటే నాకేమైనా కనిపించిందా?" అంది వదిన. "ఆ చెయ్యి ఒక్కసారి కనిపిస్తే చాలు, ఆ పూటకి అన్నం దిగేది."

పెద్ద సిస్టర్ సరేనంది. వదిన వారంలో రాసి ఇచ్చింది. సోమవారం పొద్దున అది వార్డుకు వెళ్ళింది.

బుధవారం పొద్దున పదింటికి పెద్ద సిస్టర్ ఫోన్ చేసింది. మామూలుగా ఆవిడ గొంతు గది దాటి వినిపిస్తుంది. ఆరోజు నేను రెండుసార్లు "ఏంటండీ?" అనాల్సి వచ్చింది.

ముందురోజు నాలుగింటికి ఒక తల్లి పేజీ తెరిచింది. పైన తన బిడ్డ ఫొటో ఉంది. కింద, "బాగా పుంజుకుంది, రేపు ఇంటికి పంపుతున్నాం" అని ఉంది. ఆవిడ చిన్న చిన్న బట్టలన్నీ ఉతికి ఆరేసుకుంది. అక్కనూ తమ్ముడినీ వెంటబెట్టుకుని, మెత్తటి దుప్పటి ఒకటి చంకలో పెట్టుకుని, పొద్దున ఎనిమిదింటికే వార్డు తలుపు దగ్గర నిలబడింది. ఆ మాటలు పక్క వరుసలోని ఇంకో బిడ్డవి. ఈ బిడ్డ బరువు తగ్గింది, మళ్ళీ గొట్టంతో పాలు పడుతున్నారు.

"ఆవిడకి ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చిందమ్మా," అంది సిస్టర్. "దుప్పటి మడత కూడా విప్పలేదు. మీరు దీన్ని సరిచేస్తారా, లేక నేను మళ్ళీ ఫోన్లు చేసి చెప్పుకోనా?"

ఒక తల్లి పేజీలో ఇంకో బిడ్డ వివరాలు పడటం కంటే ఘోరమైన తప్పు మా పనిలో లేదు.

చూద్దాంగారు అందరినీ పిలిచి ఒక్కటే అడిగారు. "మూడేళ్ళుగా లేనిది ఇప్పుడొచ్చింది. సోమవారం ఏం మార్చాం?"

అందరి చూపూ ఒకే వైపు తిరిగింది.

"ఫొటో సార్," అంది వదిన. "నేనే."

నేను పది నిమిషాల్లో ఫొటో భాగం తీసేశాను. ఎన్నిసార్లు చూసినా తప్పు మళ్ళీ రాలేదు. గది మొత్తం ఊపిరి పీల్చుకుంది. అందరికంటే పెద్దగా పీల్చుకున్నది నేనే. దాంతో ఆగానా? "తొందరపడొద్దని చెప్పాను కదా వదినా," అన్నాను అందరి ముందూ. నిజానికి నేను అలా ఎప్పుడూ చెప్పలేదు. వదిన నా వైపు చూసి, "అవును మేడమ్," అంది. ఈసారి ఆ "మేడమ్"లో వేళాకోళం లేదు.

"శుక్రవారానికి మూడు నెలలు అవుతాయి కదమ్మా. చూద్దాం," అన్నారాయన. గొంతు కిందికి దిగింది.

మధ్యాహ్నం వదిన రాసిన ఫొటో భాగం చదివాను. ఎక్కడ తప్పు చేసిందో చూపించి, సర్ది చెబుదామని నా ఉద్దేశం. తప్పు దొరకలేదు. ఏ బిడ్డ ఫొటో కావాలో ఆ నంబరు ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేతి నుంచి చేతికి అందించినట్టు జాగ్రత్తగా వెళ్తోంది. అయినా ఫొటో తెచ్చే కోడు, రాతను ఎలా మార్చేస్తుంది? అప్పుడు నేను రాసిన ఫైలు తెరిచాను. తెరవగానే కనిపించింది. క్లాసు అనే కోడు ముక్క మొదట్లో, అన్నిటికంటే పైన, ఒక చిన్న లైను. ఇప్పుడు పేజీ అడుగుతున్నది ఏ బిడ్డ కోసమో దాచుకునే చోటు. దాని పేరు "పాప".

ఆ లైను ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా గుర్తు. కాలేజీ చదువుకు నేను అన్నయ్యావాళ్ళింట్లో ఉండేదాన్ని. వంటింటి బల్ల మీద ఒక పాత కంప్యూటర్. పాప ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కొత్తలో రెండు గంటలకొకసారి పాలు పట్టి, ఎంత తాగిందో రాసుకోవాలి. దానికోసం వదిన నాచేత ఒక ప్రోగ్రాం రాయించింది. అదే నా మొదటి ప్రోగ్రాం. ఆవిడ ఒక చేత్తో పాపను భుజాన వేసుకుని జోకొడుతూ, రెండో చేతి వేలితో స్క్రీన్ మీద చూపిస్తూ చెప్పేది. "పాపని పైన ఒక్కసారి పెట్టేసెయ్ చిట్టీ. కింద ఉన్నవన్నీ అక్కణ్ణించే తీసుకుంటాయి. ప్రతిదానికీ మళ్ళీ మళ్ళీ అందిస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది." ఆవిడకు ఖాళీగా ఉన్నది ఒక్క చెయ్యే. అందుకే ఏది చిన్నగా అయిపోతే అదే మంచిది. ఎనిమిదేళ్ళ తర్వాత వార్డు కోసం రాయడానికి కూర్చున్నప్పుడు నా వేళ్ళు వాటంతటవే పాపను పైన పెట్టేశాయి.

వెబ్‌లో అది కుదరదు. మేం వాడే ఫ్రేమ్‌వర్కులో, అంటే ముందే కట్టి ఇచ్చిన చట్రంలో, పేజీ అడిగినవాళ్ళకు జవాబిచ్చే క్లాసు మనిషికొకటి ఉండదు. కౌంటరులో ఒక్కడే గుమాస్తా ఉన్నట్టు, అందరికీ కలిపి ఒక్కటే ఉంటుంది. ఆ గుమాస్తా ఒకేసారి పదిమంది పని చూడగలడు, కానీ రాసుకోవడానికి వాడి దగ్గర పలక ఒక్కటే. ఒక తల్లి బిడ్డ నంబరు రాసుకుని లోపలికి వెళ్ళిన క్షణంలో ఇంకో తల్లి అడిగితే, పాతది చెరిగి కొత్తది పడుతుంది. మొదటి తల్లికి రెండో బిడ్డ కబురు వెళ్తుంది. ఇన్నాళ్ళూ ఆ క్షణం కంటిరెప్ప పాటు కూడా ఉండేది కాదు. వదిన చేర్చిన ఫొటో రావడానికి రెండు సెకన్లు పట్టేది. ఆ రెండు సెకన్లలో నా తప్పు బయటపడింది. మూడేళ్ళలో ఎవరో ఒక తల్లికి ఇలా జరిగే ఉంటుంది. తనే సరిగ్గా చదవలేదనుకుని మళ్ళీ తెరిచి ఉంటుంది.

నేను ఫైలు మూసేశాను. దాహం లేకపోయినా లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. ఆరోజు ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇది రాయడానికే సిగ్గుగా ఉంది, కానీ చెప్పలేదన్నది నిజం. ఫొటో తీసేశాక తప్పు రావడం లేదు, అందరూ తృప్తిగా ఉన్నారు. నేను నోరు మూసుకుని ఉంటే చాలు, ఇక ఎవరూ అడగరు.

గురువారం భోజనం వేళ అందరూ బయటికి వెళ్ళారు. వదిన ఎప్పటిలాగే రెండు డబ్బాలు తెచ్చింది. ఎప్పటిలాగే పెద్దది నా వైపు జరిపింది.

"నిన్న ఇంటికెళ్ళాక టెస్ట్ సైటులో చూశానే," అంది వదిన, తలెత్తకుండా. "ఒక ఫోన్ నేను, ఇంకోటి మీ అన్నయ్య. ఫొటో ఉన్న దాంట్లో ఐదుసార్లకి ఒకసారి తప్పొస్తోంది. తీసేసిన దాంట్లో వంద సార్లు నొక్కినా రాలేదు. మీ అన్నయ్య వేలు నొప్పెట్టి పడుకున్నాడు. అంటే నాదే."

"వదినా."

"పోనీలే. రేపు ఆయన వద్దంటే వద్దు. నాకు దాని గురించి బాధ లేదు." ఉంది, గొంతులోనే ఉంది. "ఎందుకొచ్చిందో తెలుసుకోకుండా వెళ్ళిపోతే మాత్రం నాకు నిద్ర పట్టదు. పదకొండేళ్ళలో అంత మొద్దుబారిపోయానా అనిపిస్తోంది. మీకు ఖాళీ ఉంటే ఒకసారి నాతో కూర్చుంటారా మేడమ్?"

ఇక నా వల్ల కాలేదు. చేయి కడుక్కుని వచ్చి, ఫొటో లేని పాత కోడు నా కంప్యూటర్‌లో తెరిచాను. అందులో ఒక్క మాట చేర్చాను, మధ్యలో మూడు సెకన్లు ఆగమని. వదినను తన బల్ల దగ్గర కూర్చోమన్నాను. ఆవిడకు ఒక ఉత్తుత్తి బిడ్డ, నాకు ఒక ఉత్తుత్తి బిడ్డ. ఆవిడ బిడ్డకు "బరువు తగ్గింది" అనీ, నా బిడ్డకు "రేపు ఇంటికి" అనీ రాశాను.

"నేను మూడు అనగానే నొక్కు," అన్నాను. "ఒకటి, రెండు, మూడు."

ఇద్దరం నొక్కాం. మూడు సెకన్లు గడిచాయి. నా స్క్రీన్ మీద "రేపు ఇంటికి" అని వచ్చింది.

"నీకేమొచ్చింది?" అన్నాను.

"రేపు ఇంటికి," అంది వదిన. తర్వాత మెల్లగా, "ఇందులో నా ఫొటో లేదు కదూ," అంది.

"లేదు. నువ్వు రాసింది ఒక్క అక్షరం కూడా లేదు. అంతా నాదే. నిన్న మధ్యాహ్నమే నాకు తెలిసింది వదినా. తెలిసీ చెప్పలేదు." ఆ మాట అనేసరికి నాకు ఏడుపు ఆగలేదు. ముప్పై ఏళ్ళదాన్ని, ఆఫీసులో, కీబోర్డు ముందు ముక్కు ఎగబీలుస్తూ కూర్చున్నాను.

వదిన కుర్చీ జరుపుకుని నా పక్కకు వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆవిడ స్క్రీన్ వైపే చూస్తోంది. ఫైలు పైకి జరిపి, మొదటి లైను దగ్గర ఆగింది.

"ఇది మన వంటింటి బల్ల మీదది కదే," అంది.

నేను తలూపాను.

"అదే పేరు. అదే చోటు. నేను చెప్పినట్టే పెట్టావు." వేలితో ఆ "పాప"ను తాకింది, అప్పట్లో చూపించినట్టే. "పిచ్చిదానా, ఆ ఇంట్లో పాప ఒక్కతే కదే."

ముందు తేరుకున్నది ఆవిడే. పమిట కొంగుతో నా ముఖం తుడిచి, అదే కొంగుతో తన కళ్ళు తుడుచుకుని, "నిన్న అందరి ముందూ అంత మాటన్నావు కదా, దానికి విడిగా నీ సంగతి చెప్తాను. ముందు దీన్ని అక్కణ్ణించి దింపు," అంది. ఆ లైను చెరిపేశాం. ఏ తల్లి అడిగిందో ఆ బిడ్డ నంబరు మొదటి నుంచి చివరి దాకా ఒక ఫంక్షన్ ఇంకోదానికి అందించేలా మార్చాం. పద్నాలుగు చోట్ల మార్చాల్సి వచ్చింది. తర్వాత ఫొటో భాగం తిరిగి పెట్టి, మూడు సెకన్లు కాదు, పది సెకన్లు ఆగమని, రెండు వందలసార్లు నొక్కాం. సాయంత్రానికి ఇద్దరి గొంతులూ "ఒకటి, రెండు, మూడు" అని అనీ అనీ బొంగురుపోయాయి. ఏ బిడ్డ కబురు ఆ బిడ్డ తల్లికే వచ్చింది.

శుక్రవారం పొద్దున చూద్దాంగారి బల్ల ముందు ఇద్దరం నిలబడ్డాం. నేను ముందుగా చెప్పేశాను, మూడేళ్ళ కిందటి లైను నుంచి బుధవారం మూసేసిన ఫైలు దాకా, ఏదీ దాచకుండా.

"అది అలా రాయమని దీనికి నేర్పింది నేనే సార్," అంది వదిన వెంటనే.

"నువ్వు నేర్పింది ఇంట్లో వాడే ప్రోగ్రాం కోసం. వార్డుకి రాసింది నేను."

"నేర్పేటప్పుడు ఎక్కడ వాడకూడదో కూడా చెప్పాలి కదా."

"అప్పుడు నీ భుజం మీద పాప ఉంది వదినా, ఇంకేం చెప్తావు?"

"కాస్త ఆగుతారా ఇద్దరూ?" అన్నారాయన. "తప్పు నాది కాదంటూ కొట్టుకునేవాళ్ళని చూశాను కానీ, నాదంటే నాదని కొట్టుకునేవాళ్ళు నాకు కొత్త." ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. నా వైపు తిరిగి, "తెలిసినరోజే ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు.

"భయమేసింది సార్."

ఆయన పెద్ద సిస్టర్‌కు ఫోన్ కలిపి నా చేతికిచ్చారు. ఆవిడకూ మొదటి నుంచి చెప్పి, క్షమించమన్నాను. ఆ తల్లికి నా తరఫున చెప్పమన్నాను.

"చెప్తాలే," అంది సిస్టర్. "ఆ బిడ్డ నిన్న రాత్రి నుంచి కాస్త పాలు పీలుస్తోంది. కానీ ఫొటో ఎందుకు తీసేశారమ్మా? రెండు రోజుల నుంచీ తల్లులు నన్ను వేపుకు తింటున్నారు. మొన్నటి ఆవిడ అయితే, ఆరోజు వచ్చిన ఫొటో ఒక్కటి దాచుకుంది. అదైనా నా బిడ్డదే కదా సిస్టర్ అని అడిగింది. అదొక్కటి నిజమేనమ్మా అని చెప్పాను."

ఫోన్ స్పీకర్ మీద ఉంది. వదిన కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"ఇవాళ నాలుగింటికి ఫొటోలు వస్తాయండీ," అన్నారు చూద్దాంగారు ఫోన్‌లోకి వంగి. ఆయన ఫోన్ పెట్టేశారు. వదిన మెడలోని కార్డు తీసి చేతిలో పట్టుకుంది, అడిగితే ఇచ్చేయడానికి. నేను అది చూడలేక నేల వైపు చూశాను.

"ఈ తప్పు మూడేళ్ళ నుంచీ మాకు ఎందుకు దొరకలేదంటావు?" అని నన్నే అడిగారాయన.

"ఎవరి బల్ల దగ్గర వాళ్ళం ఒక్కళ్ళమే నొక్కి చూసుకునేవాళ్ళం సార్. ఇద్దరు ఒకేసారి నొక్కితేనే బయటపడుతుంది."

"అంటే రెండో మనిషి ఉండాలి."

"ఉండాలి సార్."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. "అయితే ఆ కార్డు మళ్ళీ మెడలో వేసుకోమ్మా," అన్నారు వదినతో. "ఇక ఇందులో చూసేదేముంది?"

ఇన్నేళ్ళలో ఆయన ఒక సంగతికి "చూద్దాం" అనకపోవడం నేను చూడటం అదే మొదలు. వదిన కార్డు వేసుకోబోతే తాడు జుట్టులో చిక్కుపడింది. నేనే తీసుకుని ఆవిడ మెడలో వేశాను.

"మీ జుట్టు కాస్త అడ్డమొస్తోంది మేడమ్," అన్నాను. "దువ్వెన కొనిపెట్టనా?"

"నోర్ముయ్యి," అంది వదిన, నా చెయ్యి వదలకుండా.